మామయ్య కూర్చోని కుర్చీ

నా చిన్నప్పుడు, ఆషాఢం ఆఖరి గురువారం పొద్దున పది గంటలకు, భవానీపురంలో మా మామయ్య ఇంటి ముందుగదిలో జరిగిన సంగతి ఇది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. పెళ్లయి పిల్లలు పుట్టాక వాళ్ల పలకల మీదే నేనూ దిద్దుకున్నాను. మెలికలు పెట్టి రాయడం చేతకాదు, ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు. ముందుగదినే ఫోటో స్టూడియో చేసుకున్నాడు. గోడకి నీలం తెర, దాని ముందు ఒక చేతుల కుర్చీ. అంతకుముందు ఆ గదిలో ఉయ్యాలబల్ల ఉండేది. దాన్ని తీయించేసి, దూలానికున్న ఆ కొక్కేలకే రెండు పెద్ద లైట్లు వేలాడదీశాడు. కొత్తగా ఏమీ బిగించే పని లేదని సంబరపడ్డాడు కూడా.

కానీ ఏడాదిగా గిరాకీ పడిపోయింది. ఫోటోల్లో కళ్లు కనబడటం లేదు, నల్లగా గుంటల్లా ఉన్నాయి అనేవాళ్లు జనం. పెళ్లిచూపులకని తీయించుకున్న ఒక పిల్ల వాళ్ల నాన్న, ఫోటోలు ఆ కుర్చీలోనే పడేసి పోయాడు. శ్రావణంలో కూడా ఇలాగే ఉంటే గది అద్దెకిచ్చేద్దామని అత్తయ్య తేల్చి చెప్పింది. ఆ గది పోతే మామయ్యకి ఇంకో పని రాదు. ఆయన పంచన ఉన్న మా అమ్మకీ నాకూ వేరే దిక్కు లేదు.

తప్పంతా పాత కెమెరాదేనని మామయ్య నమ్మకం. కంకిపాడులో స్టూడియో ఎత్తేస్తున్న ఒకాయన దగ్గర మంచి కెమెరా ఉందని తెలిసి కబురు పెట్టాడు. ఆయన ఆ పొద్దున కెమెరాతో పాటు, గొడుగులు తగిలించిన రెండు ఫ్లాష్ లైట్లు కూడా ఆటోలో వేసుకొచ్చాడు. కెమెరా, లైట్లు రెండిట్లో ఒకటే కొనగలం. రెండోది హనుమాన్ జంక్షన్‌లో వేరేవాళ్లకి ఇచ్చేస్తానని, పదకొండుకి కరెంటు పోయేలోపు తేల్చమని అన్నాడు.

ఇక మామయ్యకి కాలు నిలవలేదు. కెమెరా కంటికి ఆనించుకుంటాడు, దింపుతాడు, వీధిలోకి వెళతాడు, మళ్లీ వస్తాడు. అత్తయ్య గరిటె పట్టుకునే వచ్చి తొంగిచూసి పోతోంది. మా అమ్మ ఇచ్చిన కాఫీలు చల్లారిపోయాయి. కంకిపాడాయన మాత్రం మా లైట్ల వంకే చూస్తూ కూర్చున్నాడు. చివరికి, కెమెరా వద్దు, లైట్లు తీసుకోండి అన్నాడు.

అత్తయ్యకి అనుమానం వచ్చింది. "కెమెరాకి జంక్షన్‌లో ఎక్కువిస్తామన్నారేమో అన్నయ్యగారూ. మాకు గొడుగులు అంటగడుతున్నారు."

ఆయన కోపం తెచ్చుకోలేదు. మా అమ్మనడిగి ఒక అద్దం తెప్పించాడు. మామయ్యని కుర్చీలో కూర్చోమన్నాడు. ఇప్పుడు నా ఫోటో ఎవరిక్కావాలని మామయ్య విసుక్కున్నాడు.

"ఇన్నేళ్లలో ఎప్పుడైనా అందులో కూర్చున్నారా మీరు?"

మామయ్య వెళ్లి కూర్చున్నాడు. కంకిపాడాయన మా లైట్లు వేసి, అద్దం నా చేతికిచ్చి, మామయ్యకి ఎదురుగా పట్టుకోమన్నాడు. నుదురంతా తెల్లటి వెలుగు, కనుబొమల కింద చీకటి. ముక్కు నీడ జారి మీసంలో కలిసిపోయింది. మామయ్య తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, నన్ను అద్దం వంచమన్నాడు. ఎటు తిప్పినా కళ్లు లేవు. నడినెత్తిన వేడికి చెమటలు కారుతున్నాయి.

"చచ్చి లేచొచ్చినట్టున్నారండీ," అంది అత్తయ్య, మెల్లగా.

కంకిపాడాయన పై లైట్లు ఆపేసి, తన గొడుగు లైటు పక్కగా, ముఖానికి కాస్త ఎత్తులో నిలబెట్టి, అందులోని చిన్న బల్బు వెలిగించాడు. అద్దంలో మామయ్య కళ్లు కనబడ్డాయి. ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా ఆయన నిద్రపోలేదని మాకందరికీ అప్పుడే తెలిసింది.

మామయ్య కెమెరా వంక ఆశగా ఒకసారి చూసి, "గొడుగులు ఉంచెయ్యండి," అన్నాడు.

శ్రావణంలో జనం విరగబడలేదు. కానీ వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకెళ్లి, మళ్లీ ఇంకొకళ్లని వెంటబెట్టుకొచ్చారు. గది అద్దెకి పోలేదు. కెమెరా చాన్నాళ్లు ఆ పాతదే.

నాకిప్పుడు మనవరాలుంది, ఒక టిఫిన్ కొట్టుంది. మొన్న గిరాకీ తగ్గింది, పిండిలో తేడా వస్తోంది, గ్రైండరు మార్చాలని మా అబ్బాయి ఒకటే గొడవ. నేను పొయ్యి దగ్గర్నుంచి లేచి, జనం కూర్చునే బల్ల దగ్గర కూర్చుని ఒక ఇడ్లీ తిన్నాను. పొగంతా అక్కడికే వచ్చి కళ్లు మండాయి. ముందు పొగగొట్టం మార్చరా అన్నాను. నేను ఏ పనికైనా ఇలాగే చేస్తాను. వచ్చేవాళ్లు కూర్చునే చోట కూర్చోకుండా ఏదీ కొనను.

ఆ గురువారం ఆ గదిలో ఉన్నది మా మామయ్య, మా అత్తయ్య, మా అమ్మ, నేను, కంకిపాడు నుంచి వచ్చిన ఆయన. ఆయన పేరు మామయ్యకి తెలిసే ఉంటుంది. నేను అడగనే లేదు.