నా ఒక్క డైలాగు, ఆగిపోయిన బోటు

మొన్న మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడితే, ఎదురుగోడ మీద మా మేనకోడలి కొత్త సినిమా పోస్టరు కనిపించింది. ఉండబట్టలేక పక్కనున్న పెద్దమనిషితో, "ఈ డైరెక్టరు మొదటి సినిమాలో నటుణ్ణి నేనేనండీ" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, వచ్చిన మొదటి బస్సు ఎక్కేశాడు. అది ఆయన వెళ్ళాల్సిన బస్సేనా అని నాకిప్పటికీ అనుమానమే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. మల్కాపురంలో పెరిగిన మా అక్క కూతురికి సినిమా స్కూల్లో చేరాలని పట్టుదల. అందుకు ఓ చిన్న చిత్రం తీసి పంపాలి, గడువు ఆ వారమే. పెళ్ళి వీడియోలు తీసే ఆయన కెమెరా ఒక్క పూటకి ఇచ్చాడు. ఎనిమిదింటికల్లా తిరిగిచ్చెయ్యాలి, తొమ్మిదికి ఎవరిదో ముహూర్తం. తెల్లారేసరికి ఫిషింగ్ హార్బర్‌లో ఉన్నాం. ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగిని కదా, నా ముఖంలో కదలికలూ ఆ లోహానివే. అయినా జీతమడగని నటుణ్ణి నేనొక్కణ్ణే. వేటకెళ్ళే బోటు నడిపే సరంగుని చూసి, పిల్ల కాగితం మీద రాసిచ్చిన ఒక్క మాట నేననాలి. అన్నాను: "ఎక్కడికి బావా?"

బయల్దేరేవాళ్ళని ఎక్కడికని అడగకూడదని మా అమ్మ చెప్పే పెంచింది. కెమెరా ముందు అమ్మ గుర్తొస్తుందా! సరంగు బోటు దిగిపోయాడు. "ఏటి సార్, ఏటకెల్లేటోన్ని ఎక్కడికంటారేటి? ఇంకేటెల్తాం!" అని ఐసుపెట్టె మీద కూలబడ్డాడు. వెనకే మిగతావాళ్ళూ దిగారు. పక్కన వల బాగుచేస్తున్న అతని తల్లి లేచింది. "సదూకున్నోడివి, ఆ మాత్రం తెల్దేటి? నీ నోట్లో ఐసుగెడ్డెట్టా!" అక్కణ్ణుంచి తిట్లు అలల్లా వచ్చాయి, ఒకటి విరిగేలోపు ఇంకొకటి. టైము ఏడు దాటింది. "మరేమనాలమ్మా?" అన్నాను దీనంగా. ఆవిడ చల్లబడి, కొడుక్కి మంచినీళ్ళిచ్చి, "ఎల్లిరా నాన్నా, నిండుగా రా" అంది. సరంగు మళ్ళీ బోటెక్కాడు.

పిల్ల భవిష్యత్తు ముంచేశానని భయంభయంగా వెనక్కి తిరిగాను. అది కెమెరా ఆపనే లేదు. "కట్ చెప్పలేదేమే?" అంటే, "ఆవిడ మాట్లాడినట్టు నేను రాయలేను మావయ్యా" అంది, నా డైలాగు కాగితం నా జేబులోనే కుక్కుతూ. సీటొచ్చింది. ఆ తర్వాత ఏ కథకైనా ముందు ఆ కథలోని మనుషుల మధ్య కూర్చుని వినడం, ఆ పైనే కలం పట్టడం దానికి అలవాటైంది.

ఆ చిత్రం ఇప్పుడు నా ఫోన్లో ఉంది. అందులో నా జుట్టు నల్లగానే ఉంటుంది, ఆవిడ తిడుతూనే ఉంటుంది. నన్నలా తిట్టగల వయసువాళ్ళు ఇప్పుడెవరూ మిగల్లేదని తట్టినప్పుడే, నాకెంత వయసొచ్చిందో తెలుస్తుంది.