ఆయన కొలత ఉప్పు

మొన్న ఆదివారం మా అన్న కూతురు ఫోన్ చేసింది. ఉద్యోగం వచ్చి, తిరుపతిలో ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి గది తీసుకుని నెల కూడా కాలేదు. ముగ్గురూ వంతులు వేసుకుని వండుకుంటున్నారట. "అత్తా, ఒకమ్మాయి వండిన రోజు నోట్లో పెట్టుకోలేకుండా ఉండాము. ఉప్పే వెయ్యదు. చెప్తే ఏమనుకుంటుందో, చెప్పకుంటే మేం చస్తాం. ఏం చెయ్యమంటావు?" అని నవ్వుతూ అడిగింది. "చెప్పండి, రేపే చెప్పండి. కాకపోతే ఆ పిల్ల ఇంట్లో ఎవరికి వండీ వండీ అట్లా అలవాటు పడిందో ముందు అడగండి" అన్నాను. అది "సరేలే అత్తా" అని పెట్టేసింది. నా మాట దానికి చాదస్తంగా తోచి ఉంటుంది. అలిపిరికి వెళ్ళే దారిలో ఒక మేడ మీద నేనూ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ ఉన్న ఆ రెండేళ్ళ సంగతి దానికి నేనెప్పుడూ చెప్పలేదు మరి.

నేను బడిపంతులమ్మను. మా ఆయన చిత్తూరు దగ్గర మా ఊళ్ళో పెరుమాళ్ళ కోవెలలో కైంకర్యం చేసేవారు. మాకు పిల్లలు లేరు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఇద్దరం ఒకే వారంలో పడ్డాం. నేను లేచాను, ఆయన లేవలేదు. ఆ ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేక, కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని తిరుపతికి బదిలీ చేయించుకున్నాను. అద్దెకు దొరికింది మేడ మీద మూడు గదులున్న వాటా. గదికి ఒకరు చొప్పున ఆడవాళ్ళకే ఇస్తానంది ఇంటావిడ. గదులు మూడైనా వంటిల్లు ఒకటే. యాభై దాటిన దాన్ని, పుట్టి బుద్ధెరిగి మడి లేని వంటింట్లో అడుగుపెట్టని దాన్ని, నేనేం చేశానంటే, చేరిన రోజే వంటగట్టు మీద సుద్దముక్కతో అడ్డంగా గీత గీశాను. ఈ పక్క నాది, ఆ పక్క మీది అన్నాను. బళ్ళో పిల్లలకు చెప్పినట్టే చెప్పాను. మిగతా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ ఎదురు చెప్పలేదు.

ఆ ఇద్దరిలో ఒకామె ఐరాల వైపు పల్లెటూరి మనిషి, ఒక ఆసుపత్రిలో నర్సు. నలభై ఏళ్ళుంటాయి. వాళ్ళది చెరుకూ వేరుశనగా పండించే క్రైస్తవుల కుటుంబం. ఆమెను నేను నర్సమ్మ అనేదాన్ని, ఆమె నన్ను అక్కా అనేది. రెండో పిల్ల తడ నుంచి వచ్చింది. బండ్ల షోరూములో కంప్యూటరు ముందు ఉద్యోగం. వయసు పాతిక లోపే, మాటల్లో సగం అరవం. ఇద్దరూ పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చేవాళ్ళు. ముగ్గురం ఒకరినొకరు చూసుకునేది ఆదివారం మధ్యాహ్నమే. ఆ రోజు నేను తీరిగ్గా పప్పు, కూర, మా ఇళ్ళలో చాత్తముదు అనే చారు వండి, పెరుమాళ్ళకు ఆరగింపు చేసి, ఒంటరిగా కూర్చుని తినేదాన్ని. రెండో ఆదివారమో మూడో ఆదివారమో తడ పిల్ల గీతకు అవతల నిలబడి గిన్నెల వైపు అదే పనిగా చూస్తూ ఉంటే ఉండబట్టలేక, "ప్రసాదమే కదా, తినమ్మా" అని ఒక గరిటె పెట్టాను. పిల్లకు పెట్టి నర్సమ్మకు పెట్టకపోతే బాగుండదని ఆమెకూ పెట్టాను. ఇద్దరూ కళ్ళకద్దుకుని, మాట్లాడకుండా, మెతుకు వదలకుండా తిన్నారు. నా వంట అంత బాగుందని మురిసిపోయాను.

ఆ మరుసటి వారం నర్సమ్మ సంగటి కెలికి, ఊరిబిండి నూరింది. వేయించిన వేరుశనగ గింజలు, మిరపకాయలు, చింతపండు రోట్లో వేసి నూరే మా చిత్తూరు పక్క పచ్చడి అది. తెల్లగడ్డ వెయ్యకముందే నా పాలు తీసి వేరే గిన్నెలో పెట్టి, "నీకని తీసిపెట్టినానక్కా. తినకపోయినా పర్వాలేదులే" అంది. అట్లా అన్నాక తినకుండా ఎట్లా ఉంటాను? పుట్టింట్లో వాళ్ళకు తెలిస్తే ఏమంటారో అనుకుంటూనే తిన్నాను. తిన్నానంటే అట్లా ఇట్లా తినలేదు, గిన్నె ఊడ్చేశాను. ఆ తర్వాత ఆదివారాలన్నీ ముగ్గురం కలిసి కూర్చునే తిన్నాం. తడ పిల్ల తల్లి పంపిన మురుకులు, వడియాలు వచ్చి చేరాయి. గట్టు తుడిచీ తుడిచీ సుద్దగీత చెరిగిపోయింది. మళ్ళీ గీయాలని నాకు తోచలేదు.

నేను దాచిపెట్టిన సంగతి ఒకటుంది. కరోనా నుంచి లేచాక నాకు రుచీ వాసనా పోయాయి. కొన్నాళ్ళకు వస్తాయన్నాడు డాక్టరు, రాలేదు. ఎవరికీ చెప్పుకోలేదు. మనిషే పోయాడు, ఇంక నాలిక పోతే ఎంత అనిపించింది. తిండి అనేది గొంతు దిగే మెత్తని పదార్థం, అంతే. ఊరిబిండి కారం ఒక్కటే నాలికకు చురుక్కుమని తగిలేది. అందుకే దాని మీద అంత ఎగబడ్డాను. అది కారాన్ని నేను మెచ్చుకోవడం అనుకుని నర్సమ్మ వారం వారం ఇంకో రెండు మిరపకాయలు ఎక్కువ వేసింది.

మూడు నెలలయ్యాక ఒక ఆదివారం, అందరం ఇంకా విస్తళ్ళ ముందు ఉండగానే, నర్సమ్మ మెల్లిగా మొదలుపెట్టింది. "అక్కా, ఒక మాట సెప్తా, కోపం సేసుకోగూడదు. నా ఊరిబిండి నీళ్ళు తాగకుండా తినే మనిషిని నేను యాడా సూళ్ళేదు. నీకు రుచి తెలుస్తా ఉండాదా?" నేను తల వంచుకున్నాను. "మూణ్ణెల్లుగా నీ వంటలో ఉప్పు సగం కూడా లేదక్కా. నువ్వూ అట్నే తింటా ఉండావు. మేము ఏందో మొక్కు అనుకుంటిమి" అంది. తడ పిల్ల సిగ్గుపడుతూ, "నేనే చెప్పినాను ఆంటీ. కుంభకోణం పక్కన ఒక కోయిల్ ఉండాది, ఆడ సామికి ఉప్పు లేకుండానే పెడతారు. మీ ఇండ్లలోనూ అంతేనేమో అనుకుంటి. అడిగితే తప్పని ఊరికే తినేస్తిమి" అంది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. మూడు నెలలు ఆ చప్పిడి పప్పు, చప్పిడి చారు భక్తితో కళ్ళకద్దుకుని తిన్నారు పాపం, అందులో ఒకామె మా దేవుణ్ణి మొక్కని మనిషి.

అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. నాకు చప్పున తెలిసిపోయింది, అది ఎవరి ఉప్పో. మా ఇళ్ళలో ఆరగింపు కాకముందు వంటను రుచి చూడరు, వాసన కూడా చూడకూడదంటారు. ఉప్పు చేతి అంచనా మీదే పడాలి. ఆయనకు బీపీ. ఉప్పు సగానికి సగం తగ్గించమని డాక్టరు చెప్పిన నాటి నుంచి పదిహేనేళ్ళు నా చెయ్యి ఆయన కొలతకే వేసింది. నాకు చాలనిది ఆకు చివర విడిగా వేసుకునేదాన్ని. ఆయన పోయారు, నా నాలిక పోయింది, చెయ్యి మాత్రం ఆయనకు వండుతూనే ఉంది. ఈ మాటంతా వాళ్ళకు వివరంగా చెప్పి ఉండాల్సింది. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. "నచ్చకపోతే తినొద్దు. నేనేం బతిమాలానా? అది మా ఆయన తినే ఉప్పు. ఎవరి కోసమూ మార్చను" అని విస్తరి ముందు నుంచి లేచిపోయాను. తరువాతి రెండు ఆదివారాలూ తలుపు వేసుకుని ఒక్కదాన్నే తిన్నాను. ఆ రెండు వారాలు ఎట్లా గడిచాయో చెప్పలేను. పగలంతా బళ్ళో అరుపులు, ఇంటికొస్తే గోడలు. ఆయన పోయిన మొదటి నెల కంటే ఘోరంగా ఉండింది.

మూడో ఆదివారం తడ పిల్ల కంచం పట్టుకుని నా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. "ఉప్పు లేకున్నా సరే ఆంటీ, పెట్టండి" అంది. ఆ పిల్ల ముందర నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడు చెప్పాను ఇద్దరికీ, బీపీ సంగతీ, ఆకు చివర ఉప్పు సంగతీ. ఆయన పోయిన రోజుల్లో నర్సమ్మ కరోనా వార్డులోనే పనిచేసింది, ఎంతమందిని చూసి ఉంటుందో. తరువాత దగ్గుమందు సీసా మూత ఒకటి తెచ్చింది, పక్కన కొలత గీతలున్నది. "రుచి సూడొద్దు, వాసనా సూడొద్దు. మందు మాదిరి కొలిచి ఏద్దాం. ఎంత ఏసేదీ నువ్వే సెప్పు" అంది. "ఒక్కసారే పెంచొద్దు నర్సమ్మా" అన్నాను. "పెంచను. ఏ మందైనా మెల్లిగానే గదక్కా" అంది.

అట్లా మొదలైంది. ఒక ఆదివారం పప్పులో ఒక గీత ఎక్కువ, మరో ఆదివారం చారులో అర గీత. ఆరగింపయ్యాక ఇద్దరూ నోట్లో పెట్టుకుని, నా మొహం వైపు చూసి, ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళు. తడ పిల్ల అది పెన్సిలుతో గోడ మీద రాసేది. ఇంటావిడ చూసి గోడ పాడుచేస్తున్నారని అరిచింది కూడా. ఉప్పు పెరిగిన ప్రతి వారం ఆయన్ని ఒక అడుగు వెనక వదిలి వచ్చినట్టే ఉండేది నాకు. కానీ ఆ ఇద్దరూ నిజంగా ఇష్టపడి తింటుంటే చూడ్డం కూడా బాగుండేది, ఆ మాటా ఒప్పుకోవాలి. మా ఇంట్లో అరవై ఏళ్ళుగా వస్తున్న మా అత్తగారి పులిహోర ఆ మూత గీతలతోనే మళ్ళీ నిలబడింది. కొన్నాళ్ళకు మూత అవసరం తీరిపోయింది. ఏడాదిన్నరకు నాలిక కూడా కొద్దికొద్దిగా తిరిగొచ్చింది. మొదట పులుపు, ఆ తర్వాత ఉప్పు.

ఆ రోజుల్లోనే నర్సమ్మ నాయన కంటి పరీక్షకు ఐరాల నుంచి వచ్చారు. ఆదివారం మాతోనే భోజనం. "అక్కా, నాయనకు బీపీ ఉండాది. ఉప్పు తగ్గించి ఎయ్యి" అంది నర్సమ్మ. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. "అదెంత పని, పదిహేనేళ్ళు చేసిన దాన్ని" అన్నాను. ఎన్నాళ్ళకో ఆయన కొలత మళ్ళీ ఒక మగమనిషి విస్తట్లో పడబోతోందని స్నానం చేసి, శ్రద్ధగా వండాను. పెద్దాయన నాలుగు ముద్దలు తిని, "మా పాప నన్ను ఉప్పు ముట్టుకోనీదమ్మా. ఈ పొద్దు నీ పుణ్యాన రుచిగా తింటా ఉండాను" అన్నారు. నేనూ ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నిజమే. పప్పులో ఉప్పు నిండుగా ఉంది, మా ముగ్గురికీ ఎంత కావాలో అంత. నర్సమ్మ పప్పు గిన్నె పక్కకు జరిపి, తండ్రికి మజ్జిగ పోసింది.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి, ఒక పళ్ళెంలో ఆయన కొలత వేయబోయాను. కళ్ళు మూసుకుని వేశాను. తీసేసి మళ్ళీ వేశాను. ఎన్నిసార్లు వేసినా మా ముగ్గురి ఉప్పే పడుతోంది. నర్సమ్మ వెనకాలే వచ్చి నిలబడింది. "ఆయన కొలత పోయింది నర్సమ్మా, చేతికి రావడం లేదు" అన్నాను. ఆమె నా చేతికి అంటిన ఉప్పు తన కొంగుతో తుడిచింది. "నువ్వు పోగొట్టలేదక్కా. మేమే మాన్పిస్తిమి. తిట్టాలంటే మమ్మల్ని తిట్టు" అంది. తిట్టడానికి నోరు తెరిచాను. ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను.

అన్నీ కాలం మరిపిస్తుందంటారు. ఆయన ముఖం, గొంతు, కోవెల నుంచి వచ్చి చెంబెడు నీళ్ళతో కాళ్ళు కడుక్కునే చప్పుడు, అన్నీ నాకింకా అట్లాగే ఉన్నాయి. ఆయన్ని పదిహేనేళ్ళు కాపాడిన ఆ కొలత మాత్రం నేను ఇద్దరికి వడ్డిస్తూ, నవ్వుతూ ఉండగా పోయింది, ఏ ఆదివారం పోయిందో కూడా చెప్పలేను.