మారెంగో రాణి ముద్దుపేరు

మా మామయ్య పనిచేసే పందెం గుర్రాల శాల యజమానికి చరిత్ర పిచ్చి. అలెగ్జాండర్ గుర్రం బ్యూసెఫలస్, నెపోలియన్ గుర్రం మారెంగో అంటూ, పుట్టిన ప్రతి పిల్లకూ అలాంటి పేరే ఇత్తడి పలక మీద చెక్కించి గదికి తగిలించేవాడు. మనకు నోరు తిరిగేలోగా గుర్రం పందెం ముగించుకుని వచ్చేస్తుందని మామయ్య వెక్కిరించేవాడు.

పనివాళ్ల పద్ధతి వేరు. పిల్ల పుట్టగానే దాన్ని సాకేవాడు చెవిలో ఒక ముద్దుపేరు చెబుతాడు. అది రెండో మనిషి నోట పడకూడదు. పడితే గుర్రం ఆ గొంతుదైపోతుందని వాళ్ల నమ్మకం. తాను సాకిన మారెంగో రాణి అనే ఆడగుర్రానికి ఏం పేరు పెట్టాడో నేనెంత బతిమాలినా మామయ్య చెప్పలేదు. అప్పటికే అత్తయ్య పోయింది. పిల్లల్లేరు. ఇంట్లో ఒక కుర్చీ, ఒక గ్లాసు, ఒక రేడియో. నోరు విప్పాలంటే శాలకే పోయేవాడు.

పోయిన నెల రాణిని దూరపు ఊరి వాళ్లకు అమ్మేశారు. అక్కడ అది మేత ముట్టడం మానేసింది. పశువుల డాక్టరు సూదులు పొడిచి పొడిచి విసిగిపోయాడు. ఇక లాభం లేదని అక్కడి పనివాడు మామయ్యకు ఫోన్ చేశాడు. మామయ్య స్పీకరు పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను.

"పెద్దాయనా, రాణీ రాణీ అని గొంతు పోయేలా పిలుస్తున్నా. చెవి కూడా కదపట్లేదు. ఇలాగే ఉంటే చచ్చిపోతుంది. మీరేమని పిలిచేవారు?"

మామయ్య ఫోన్ పెట్టేయబోయాడు. చెబితే రాణి ఇక ఆయనది కాదు. నాకు ఒళ్లు మండింది.

"మూగజీవి ప్రాణం పోతోంది. నీ పంతం తగలెయ్య, చెప్పు మామయ్యా!"

"బుల్లీ," అన్నాడు ఫోన్లో.

అత్తయ్యను ఆయన పిలిచే పేరది. గుర్రానికి పెట్టాడని తెలిస్తే అత్తయ్య చీపురు తిరగేసేది.

"అలా అరవకు, అలుగుతుంది. మెడ కింద చెయ్యి వేసి, మెల్లగా, సాగదీసి పిలువు," అని అతనికి నేర్పాడు. ఆ పరాయి గొంతు కాసేపు తడబడి, చివరికి సరిగ్గా పలికింది. కొంతసేపటికి గడ్డి నమిలే చప్పుడు వినిపించింది. మామయ్య ఫోన్ చెవికి ఆనించుకుని అది ఆగేదాకా విన్నాడు.

"ఇక నువ్వే పిలుచుకో నాయనా," అని పెట్టేశాడు. ఆయన మొహం చూస్తే నాకే ఏడుపొచ్చింది.

నిన్న శాలకు వెళ్లాను. మామయ్యకు కొత్త పిల్లను అప్పగించారు. ముచ్చటగా ఉంది. దీని చెవిలో ఏం చెప్పావని అడిగితే ఏమీ చెప్పలేదని తల అడ్డంగా ఊపాడు. దాని ముందు గడ్డి వేసి, పలక మీది పేరు కూడబలుక్కుంటూ, "బ్యూ... సెఫలస్, తిను," అన్నాడు.