నీ మాటా వద్దు, నా మాటా వద్దు

హిందూపురంలో మాది స్టీలు పాత్రల అంగడి. నాకు ఎక్కాలు రాకముందే బేరం వచ్చింది. డిగ్రీ అయిపోయి, సోషల్ వర్క్‌లో పీజీ చేస్తానన్న రోజు నాయన బిందె తుడుస్తూ నవ్వాడు.

“జనంతో మాట్లాడేది నేర్చుకునేదానికి రెండేండ్లు సదవల్లనా? ఈడ నా పక్కన కూర్చో. రెండు నెలల్లో నేను నేర్పిస్తా.”

అప్పుడు కోపం వచ్చింది గానీ, రెండో ఏడాది సగం దాకా ఆయన మాటే నిజమని లోలోపల నేనూ నమ్మాను. తోటి విద్యార్థులు కొత్త ఇంటి గడపలో నిలబడి, కాగితంలో రాసుకొచ్చిన ప్రశ్న అడగలేక చెమటలు కక్కేవాళ్ళు. నేను పోయి చాప మీద కూర్చుని, “ఈ పప్పు గిన్నె యాడ కొంటివక్కా, అడుగు భలే మందంగుండాదే” అంటే చాలు, ఇంటి గుట్టంతా బయటికొచ్చేది. మా ఫీల్డ్ వర్క్ చూసే మేడం నా రికార్డు చదివి, “నీకు జనం చాలా తొందరగా ఒప్పుకుంటారే” అనేది. అది మెచ్చుకోలనే అనుకున్నాను.

క్లాసులు పెనుకొండలో, ఫీల్డ్ వర్క్ వారానికి రెండు రోజులు ధర్మవరంలో. ఆ రోజుల్లో నాకు బాగా గుర్తున్నది అలసటే. పొద్దున్నే ప్యాసింజర్‌లో నిలబడి పోవడం, సాయంత్రం నిలబడి రావడం. ఎవరింటికి పోయాం, ఏం మాట్లాడాం, వాళ్ళేమన్నారు, మనకేమనిపించింది, అన్నీ పూసగుచ్చినట్టు రాయాలి. దాన్ని ప్రాసెస్ రికార్డింగ్ అంటారు. సీటు దొరికిన రోజు మోకాళ్ళ మీద నోటు పెట్టుకుని మొదలుపెడితే, కొత్తచెరువు వచ్చేసరికి అక్షరాలు గీతలయ్యేవి, గీతలు నిద్రయ్యేవి.

ధర్మవరంలో నాకు ఒప్పజెప్పిన కేసు ఒక పట్టుచీరల నేతగాడు. అరవైకి దగ్గర పడిన మనిషి. పెద్దనాయనా అని పిలిచేదాన్ని, ఆయన భార్యను పెద్దమ్మా అని. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న కుడి కంటితోనే నేస్తున్నాడు. ఆ కన్ను కూడా మసకబారుతోందని పెద్దమ్మ చెబితే, ఒక సోమవారం హిందూపురంలో కంటి ఆసుపత్రికి నేనే తీసుకుపోయాను. పరీక్షలయ్యాక డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు.

“నీటికాసులు. కంట్లో ఒత్తిడి బాగా పెరిగింది. రెండు మూడు రోజుల్లో ఆపరేషన్ జరగాలి. ఆలస్యమైన కొద్దీ చూపు పోతుంది, పోయింది మళ్ళీ రాదు. ఆయనకు అర్థమయ్యేట్టు చెప్పి తీసుకురా.”

చెప్పడం నా పని. సరిగ్గా అక్కడే నా అంగడి తెలివి అడ్డం పడింది. ఉన్న మాటంతా ఒక్కసారి బయట పెట్టకూడదని, భయపడిన గిరాకీ లేచిపోతుందని మా నాయన పాఠం. కన్ను పోతుందంటే ఈయన ఇంట్లోంచి కదలడని నేనే తీర్మానించాను. మంగళవారం వాళ్ళింటికి పోయి, “చిన్న ఆపరేషన్ పెద్దనాయనా, రేపే పోదాం” అన్నాను.

మగ్గం కింద కాళ్ళు దించి కూర్చునే గుంటలోంచి ఆయన తల ఎత్తలేదు. “పడుగు మీద ఇంకా మూడు చీరలుండాయమ్మా. అవి దిగినాక వస్తా.”

ఆ వీధిలో అది కట్టుబాటు. పడుగంటే మగ్గానికి నిలువునా ఎక్కించిన దారం. ఒక పడుగులో నాలుగైదు చీరలు వస్తాయి. ఎక్కించినవాడే దాన్ని నేసి దించాలి. మధ్యలో వదిలిపెట్టరు, ఇంకొకర్ని కూర్చోనివ్వరు. చెయ్యి మారితే పోగును బిగించే దెబ్బ మారుతుంది, దెబ్బ మారిందని గుడ్డే చెప్పేస్తుంది అంటారు. చీరకు వారం.

“మూడు చీరలంటే మూడు వారాలు. కుదరదు. రేపే.”

“రేపొస్తే ఈ మగ్గం ఎవురు తొక్కల్ల? నువ్వు తొక్కుతావా?”

“తొక్కుతా. ఆ చీర కట్టుకున్నోళ్ళు నిన్ను తిట్టుకుంటారు, అంతే.”

దారం కండెలు చుడుతున్న పెద్దమ్మ పకపకా నవ్వింది. “పోయి పోయి అంగడోళ్ళ పాపతో పెట్టుకుంటాండావే, నీకు బుద్ధుండాదా?”

“సరే, రెండు చీరలు. ఇంగ మాట్లాడొద్దు” అన్నాడాయన.

నేను లేచి బ్యాగు భుజాన వేసుకున్నాను. ఒక కాలికి చెప్పు తొడిగాను. మా అంగట్లో ఆడవాళ్ళు నాయన మీద వేసే ఎత్తు అది. పారింది.

“ఇదో, యాడికి పోతాండావు? కూర్చో.”

“నీ మాటా వద్దు, నా మాటా వద్దు పెద్దనాయనా. ఈ ఒక్క చీర దించు. వచ్చే మంగళవారం నేనే వచ్చి పిల్చుకపోతా.”

ఆయన చెయ్యి చాపాడు. బేరం కుదిరినట్టు అందులో నా చెయ్యి కొట్టాను. మూడు వారాలను ఒక్క వారానికి దించానన్న సంబరం రైల్లో నిలబడ్డా తగ్గలేదు. డాక్టరు చెప్పింది వారం కాదన్న సంగతిని సంబరం పక్కనే, ముట్టుకోకుండా ఉంచాను. రికార్డులో మాత్రం అన్నీ రాశాను, డాక్టరు మాటలతో సహా. చివర్లో ‘క్లయింట్ తన నిర్ణయం తానే తీసుకున్నాడు’ అని రాసి కింద గీత కూడా గీశాను.

శుక్రవారం పెనుకొండలో మేడం ఆ రికార్డు రెండుసార్లు చదివింది.

“డాక్టరు రెండు మూడు రోజులన్నది ఆయనకు తెలుసా?”

“చెప్తే భయపడతాడని...”

“మరి ఇది ఆయన నిర్ణయమా, నీదా?”

మేడం అరవలేదు. అరిచి ఉంటే ఏదో ఒకటి బదులు చెప్పేదాన్ని. “మధ్యాహ్నం క్లాసుకు ఉండొద్దు. ఇప్పుడే ధర్మవరం పో” అంది.

పోయేసరికి ఆయన మగ్గం మీదే ఉన్నాడు. ఒప్పుకున్న చీర సగం దాటింది. అడ్డదారాన్ని అటూ ఇటూ తీసుకుపోయే నాడె చేతికి అందక తడుముకుంటున్నాడు. పెద్దమ్మ నన్ను చూసి, “నిన్నట్నుంచి ఇదే కతమ్మా. తలనొప్పి అంటాడు, ఎడం పక్క అంచు కనపడలేదంటాడు, లేయమంటే లేయడు. నీకు మాటిచ్చినాడంట, మంగళవారం లోపల దించల్లంట” అంది.

నేను నిలబడే చెప్పాను. డాక్టరు అన్నది అన్నట్టే, రోజులతో సహా. ఈ సంగతి నాకు సోమవారమే తెలుసని కూడా.

మగ్గం ఆగింది. ఆయన నాడెను పక్కన పెట్టి, సగం చీర మీద తెల్లగుడ్డ కప్పి, గుంటలోంచి పైకి వచ్చి గోడకు తగిలించిన చొక్కా తీసుకున్నాడు.

“ఈ మాట ఆపొద్దే చెప్పింటే, ఆపొద్దే ఏసుకునేటోణ్ణి గదమ్మా ఈ చొక్కా” అన్నాడు.

పెద్దమ్మకు అంత నెమ్మది లేదు. “మా ఇంట్లో కూడా యాపారమే చేస్తివి గదే!” అంది. హిందూపురం దాకా రైల్లో నాతో మాట్లాడలేదు.

మర్నాడు ఆపరేషన్ అయింది. కన్ను నిలబడింది. ఆ కంటికే ఎడం వైపు చూపు మాత్రం తిరిగి రాలేదు. అందులో ఎంత ఆ నాలుగు రోజుల్లో పోయిందని డాక్టర్ని అడిగాను. ఎవరూ కొలిచి చెప్పలేరన్నాడు. చెప్పలేరు కాబట్టి మొత్తం నాదే అనుకుంటూ తిరిగాను. అదీ ఒక రకం గర్వమేనని మేడం అంది.

రెండు నెలలకు ఆయన ఆ పడుగు దించాడు. కనపడని అంచు వైపు పెద్దమ్మ కూర్చుని, పోగు తెగినప్పుడల్లా “ఆగు” అనేది. నేను మామూలుగా పోతూ వస్తూ ఉన్నాను. కాలేజీలో వైవా దగ్గర పడుతోంది, నాకు దేని మీదా ఆసక్తి లేదు. ఆఖరి చీర దిగిన రోజు ఆయన ఖాళీ మగ్గం ముందు కూర్చుని అడిగాడు.

“ఇంగో పడుగు ఎక్కించల్లనా వద్దా? డాక్టరేమన్నాడు?”

“మందు విడవకుండా వేసుకుంటే ఉన్న చూపు నిలవొచ్చు అన్నాడు. గ్యారంటీ లేదన్నాడు. కంటికి అంత పని పెట్టకుంటే మేలన్నాడు.”

“ఒక్క పడుగు?”

“చెప్పింది అంతే పెద్దనాయనా.”

“ఒక్కటేనమ్మా. చిన్న అంచుది. దానికేమంటావు?”

నా నోట్లో నాలుగైదు మాటలు తయారుగా ఉన్నాయి. ఏ మాట అంటే ఆయన ఎటు మొగ్గుతాడో కూడా తెలుసు. “నేను అనేది ఏమీ లేదు. ఇంకేమన్నా తెలుసుకోవాలంటే మళ్ళా డాక్టర్ని అడుగుదాం” అన్నాను.

ఆయన పెద్దమ్మ వైపు తిరిగాడు. ఆమె నా వైపు చూసి, “నువ్వు కొంచేపు బయట కూర్చోమ్మా, మేము మాట్లాడుకోవల్ల” అంది.

వీధి మెట్టు మీద కూర్చున్నాను. ఎండ మోకాళ్ళ దాకా వచ్చింది. లోపల ఇద్దరి గొంతులూ లేస్తున్నాయి, తగ్గుతున్నాయి. మాటలు తెలియడం లేదు. చెవి అటు పెట్టే ఓపిక కూడా లేక, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాను.