మేడం గొంతు అతికించిన రోజులు

దుబాయ్‌లో ఒక ఇంగ్లిష్ రేడియోలో సౌండ్ ఎడిటర్‌గా పదకొండేళ్ల నుంచి చేస్తున్నాను. మాది నెల్లూరు. ఇంగ్లిష్ మాట్లాడాలంటే తడబడతాను గానీ, ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకున్నారో చెవితో పట్టేస్తాను. నేను తినే అన్నం ఆ చెవులు పెట్టిందే.

పొద్దుటి షో చేసే మేడం లండన్ మనిషి. అక్కడ టీవీలో, రేడియోలో ముప్ఫై ఏళ్లు వెలిగారు. వయసు పైబడిందని వాళ్లు పక్కన పెడితే ఇక్కడికొచ్చారు. "నాకిదే ఆఖరి మైకు. ఇది పోతే నన్నడిగే నాథుడు లేడు" అనేవారు నవ్వుతూ. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

కరోనా వచ్చిన మరుసటి ఏడు, రంజాన్‌కు కొద్దిరోజుల ముందు ఆవిడకు జబ్బు చేసింది. జ్వరం తగ్గింది గానీ గొంతు రాలేదు. కాంట్రాక్టు ఆ నెలలోనే పొడిగించాలి. లాక్‌డౌన్ నాటి నుంచి ఆవిడ ఇంట్లోనే రికార్డు చేసి పంపేవారు కాబట్టి ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. నాకు ఫోన్ చేసి, వినీ వినబడకుండా, "మూడు వారాలు ఎలాగోలా నెట్టుకురా" అని బతిమాలారు.

పాత షోలు తవ్వాను. ఒకదాంట్లోంచి పలకరింపు, ఇంకోదాంట్లోంచి నవ్వు, మరోదాంట్లోంచి ఎండల ముచ్చట తీసి కోసి అతికించాను. రెండు వారాలు ఎవ్వరూ పసిగట్టలేదు. నిజం చెప్పొద్దూ, గర్వపడ్డాను కూడా. గర్వం కళ్లకే కాదు, చెవులకీ అడ్డమొస్తుంది.

రంజాన్ నెలలో పగటిపూట మైకులో తిండీ నీళ్ల మాటెత్తకూడదని మా స్టేషన్ కట్టుబాటు. పాత ముక్కల్లో కాఫీ, టీ అన్న చోటల్లా తీసేశాను. ఒక్కటి చూసుకోక వదిలేశాను. పొద్దున ఎనిమిదింటికి, ఊరంతా వింటుండగా, మేడం టీ గుటక వేసి, "అమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది" అన్నారు. రోజా ఉపవాసం ఉన్నవాణ్ణి నేను. ఆ గుటక అందరికంటే ముందు నాకే వినబడాలి.

ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. ముదీర్, అంటే మా మేనేజరు, మా ఇద్దరినీ వీడియోలో కూర్చోబెట్టి, ఇది ఎవరి చేతుల మీదుగా వెళ్లిందని అడిగాడు. అప్పటికి కొంచెం పెగులుతున్న గొంతుతో మేడం, "నేనే అన్నాను. చివరి నిమిషంలో పంపాను, అతనికి విని చూసే టైము లేదు" అన్నారు.

"ఖలాస్" అన్నాడు ముదీర్. కాంట్రాక్టు పొడిగించలేదు.

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఇంటికెళ్లి, ముదీర్ దగ్గర నిజం ఒప్పుకుంటానని మా ఆవిడతో అన్నాను. "నోరు తెరవబాకండి. వీసా పోతే ఈ పిల్లోళ్లని ఏ బడికి పంపిస్తారు? ఆమెకి ఆమె దేశం ఉండాది" అంది. ఆ మాట కోసమే చెప్పానేమో. వెంటనే సరేనన్నాను.

లండన్ వెళ్లే ముందు మేడం ఫోన్ చేశారు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"నీ ఉద్యోగం ఉందిగా?"

"ఉంది మేడం."

"మంచిది. నువ్వు అతికించినవాటిలో ఒకటి పంపు. అక్కడ ఉద్యోగం అడగడానికి వినిపించాలి. నేనిప్పుడు అలా మాట్లాడలేను."

పంపాను. ముదీర్ గదికి మాత్రం ఇప్పటికీ వెళ్లలేదు. నా బల్ల నుంచి అది పది అడుగులు.