నేను తీయొద్దన్న కంటి ఫొటో

ఆ రోజు నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో దిగి రెండడుగులు వేశానో లేదో, ఎడమవైపున్న సిమెంటు దిమ్మె తగిలి బోర్లా పడ్డాను. పట్టపగలు, మోకాలెత్తు దిమ్మె. "ఏంది సార్, గంత పెద్దది కనబడలేదా?" అంటూ ఆటో అతను లేపాడు.

నాకు నలభై ఆరేళ్లు. ఒక ఐటీ కంపెనీలో అడ్మిన్ పని. నాలుగు నెలల ముందే ఆఫీసులో కంటి క్యాంపు పెట్టించాను. నా చీటీ మీద 'నార్మల్' అని రాశారు. ఆ ధీమాతో ఇంకో నెల గడిపాను. ఈసారి ఇంట్లోనే మెట్టు తప్పింది. మా ఆవిడ నల్లగండ్లలో కంటి ఆసుపత్రికి లాక్కెళ్లింది.

ఐ ప్రెషర్ మళ్లీ నార్మలే. తర్వాత కంటి నరాన్ని స్కాన్ చేసే ఓసీటీ, పక్కచూపు ఎంతుందో కొలిచే ఫీల్డ్ టెస్ట్. వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. చాలాసేపు చుక్కే రాలేదు. మిషన్ ఆగిందా అని అడిగాను. "నడుస్తూనే ఉంది సార్" అంది టెక్నీషియన్.

"నార్మల్ టెన్షన్ గ్లాకోమా అండి. ప్రెషర్ పెరగకుండానే కంటి నరం దెబ్బతింది. పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకుందాం" అన్నారు డాక్టర్. "క్యాంపులో నరం ఫొటో తీయలేదా?"

తీయొద్దన్నది నేనే. కెమెరా దగ్గర లైను కదలట్లేదని, మీటింగులకు ఆలస్యమవుతోందని అందరూ గొడవ చేస్తుంటే, "ప్రెషర్ ఒక్కటి చూసి పంపేయండి" అన్నాను. క్యాంపు గంట ముందే ముగిసింది. నాకు మెచ్చుకోలు మెయిల్ కూడా వచ్చింది.

నా మట్టుకు చేసుకున్నవాడికి చేసుకున్నంత. నార్మల్ చీటీలతో వెళ్లిన మిగతావాళ్లను తలుచుకుంటే సిగ్గేసింది, భయమూ వేసింది.

మొదటి చుక్కల మందుకు కళ్లు ఎర్రబడితే, చెప్పకుండా రెండు వారాలు మానేశాను. డాక్టర్ మందలించి మందు మార్చారు.

తప్పు నాదేనని అందరికీ మెయిల్ రాసి క్యాంపు మళ్లీ పెట్టించాను. ఈసారి అంతస్తుకో సమయం ఇచ్చాం. నలభై దాటినవాళ్లు, ఇంట్లో గ్లాకోమా ఉన్నవాళ్లు ముందు. ఇక్కడ ఫొటో తీసి పంపడమే, డాక్టర్ తర్వాత చూస్తారు. లైను నిలవలేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ చూసే యాదయ్య ఫొటోలో తేడా వచ్చింది.

"నాకు మంచిగనే కనబడ్తుంది సార్. నార్మల్ అని మీరే చీటీ ఇచ్చిండ్రు గద?"

"ఇచ్చాను యాదయ్యా. చూడకుండా ఇచ్చాను" అని ఆసుపత్రికి వెంట వెళ్లాను. జబ్బు మొదలైంది, చూపు ఇంకా పోలేదు.

ఇప్పుడు నేను బండి నడపను. ఎడమవైపు తల తిప్పి చూసి నడుస్తాను. రోజూ రాత్రి తొమ్మిదింటికి తన చుక్కల మందు వేసుకుని యాదయ్య ఫోన్ చేస్తాడు: "మందు ఏసుకున్నరా సార్?"

మీకు చెప్పేది ఒక్కటే. నార్మల్ అన్న చీటీ చేతికిస్తే జేబులో పెట్టుకునే ముందు అడగండి: "నా కంటి నరం చూశారా?"