వరుసలో నాయనమ్మ

మొన్న అరకులో ఎవరో తుడుం చర్మాన్ని గడ్డిమంట సెగకు కాస్తున్నారు. ఆ వాసనకు మా నాయనమ్మ గుర్తొచ్చింది.

నేను మొదటిసారి పెద్దవాళ్ల థింసా ఆట వరుసలో నిలబడింది, మా ఊళ్లో చైత్రమాసంలో చేసే ఇటుకల పండుగకి. మతిమరుపు జబ్బు ముదిరి, అప్పటికే నాయనమ్మ కన్నకూతుర్ని కూడా పోల్చుకోవడం లేదు. అయినా తనంతట తానే లేచి వచ్చి, నా వీపు వెనకగా చెయ్యి పోనిచ్చి పక్కామె చెయ్యి పట్టుకుంది.

"అమ్మని వరసలో నిలబెట్టకండే! ఒక్కలు తూలితే వరసంతా పడిపోద్ది" అని మేనత్త కేకేసింది.

తుడుం మోగింది. నాయనమ్మ వంగాల్సిన చోట వంగింది, తిరగాల్సిన చోట తిరిగింది. ఎక్కడా తడబడలేదు. జబ్బు నయమైపోయిందనుకున్నాను.

"నానమ్మా, నేనెవుల్ని? సెప్పు!" అన్నాను ఆశగా.

"ఏమో, ఎవుల గుంటవో! కాలు మరీ బేగి ఏసేత్తన్నావు. నన్ను సూసి ఎయ్యి."

అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. పేర్లూ ముఖాలూ చెరిగిపోయినా, ఒంటికి అలవాటైన పని చాలాకాలం నిలుస్తుందని పెద్దయ్యాక ఒక డాక్టరు చెబితే తెలిసింది. ఆ రోజు మాత్రం ఆమె పాదాలే చూస్తూ అడుగు సరిచేసుకున్నాను. కాసేపటికి అత్త కూడా వచ్చి వాళ్లమ్మ పక్కన చెయ్యి కలిపింది.

ఆట ముగిశాక, ఎవరి దగ్గర నేర్చుకున్నానని పక్క ఊరి ఆడవాళ్లు అడిగారు.

"మా నానమ్మ దగ్గర" అన్నాను, అందరికీ వినబడేలా.